ఎడం మోకాలి మాసిక

విమానం తొమ్మిది వేల అడుగులు దాటుతుండగా మా నాన్న చెయ్యి నన్ను వెనక్కి పిలిచింది.

నాన్న ఆ విమానంలో లేడు. మల్కాపురంలో మా ఇంట్లో ఎడం కాలు ముక్కాలిపీట మీద చాపుకుని, అమ్మ చేత నువ్వుల నూనె రాయించుకుంటూ ఉండుంటాడు. విమానంలో ఉన్నది ఆయన చేతి జ్ఞాపకం. వెనక సామాను తలుపు అంచు చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ ఒకటుంది. తనని ఎక్కడ ఎంత నొక్కారో పొడుగునా తెలుసుకునే రబ్బరు అది. తలుపు సరిగా పడితే ఎలా ఉంటుందో దానికి నేర్పింది మా నాన్న. మూడు నెలలపాటు నాలుగు వేల నూట పన్నెండుసార్లు తలుపు మూసి మరీ నేర్పాడు. ఆ పట్టీ ఇప్పుడు క్షణక్షణం తనని తాను తడుముకుని, నాన్న మూతకీ ఈ మూతకీ ఎంత పోలికుందో నూటికి ఇంతని ఒక అంకె చెబుతుంది. తొంభై అయిదు దాటితే బయలుదేరొచ్చు. ఆ పొద్దున నేల మీద తొంభై ఆరు చెప్పింది. ఇప్పుడేమో ఎర్రదీపం వెలిగించి అరవై ఒకటి అంటోంది.

కోపైలట్ ఇర్ఫాన్ రెండో తెర చూసి, కొక్కేలు మూడూ పడే ఉన్నాయన్నాడు. కొక్కేల దగ్గర పాతకాలపు స్విచ్చులున్నాయి, వాటి లెక్కలో తలుపు భేషుగ్గా ఉంది. పట్టీ లెక్కలో లేదు. ఇద్దరు సాక్షులు, రెండు మాటలు. వెళ్ళి చూద్దామంటే అది సామాను గది, గాల్లో ఉండగా అందులోకి ఎవరూ వెళ్ళలేరు.

ఇలాంటప్పుడు పైలట్ తెలివితేటలు చూపించకూడదు, రాసింది రాసినట్టు చెయ్యాలి. ఎక్కడం ఆపాను. విమానంలోపలి గాలి ఒత్తిడే తలుపుని బయటికి నెడుతుంది కాబట్టి, కిందికి దిగుతూ ఆ ఒత్తిడిని మెల్లగా తగ్గించమని ఇర్ఫాన్‌కి చెప్పాను. బెల్టుల దీపం వేశాను. క్యాబిన్ చూసుకునే సువార్తని పిలిచి, చివరి రెండు వరసల వాళ్ళని ముందున్న ఖాళీ సీట్లలోకి మార్చమన్నాను. విశాఖ టవరుకి, తలుపు దీపం వెలిగింది, తిరిగొస్తున్నామని చెప్పాను. యాభై ఒక్కమంది హైదరాబాదు జనానికి కూడా ఆ మాటే, కాస్త తేనె పూసి చెప్పాను. ఒకాయన తన బ్యాగు అనకాపల్లిలో పడుతుందా నర్సీపట్నంలో పడుతుందా అని సువార్తని నిలదీశాడట.

అంకె యాభై ఎనిమిదికి దిగింది. సముద్రం మీదుగా తిరిగి, వాన చినుకుల్లో రన్‌వే మీద దించాను. చక్రాలు నేలకి తగిలాక గానీ నా వీపు సీటుకి ఆనలేదు.

తీరా చూస్తే తలుపుకి ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్టరు కొక్కేలన్నీ లాగి చూశాడు. నేల మీద వేడికి పట్టీ కూడా బుద్ధిగా తొంభై ఏడు చెప్పింది. సాయంత్రం అదే విమానాన్ని ఇంకో కెప్టెన్ హైదరాబాదు తీసుకెళ్ళాడు. కంపెనీకి ఆ పట్టీ ఉన్న విమానాలు నాలుగు. ఆ నెలలో ఇలా వెనక్కి రావడం మూడోసారి, అందులో రెండు నావే. క్యాంటీన్‌లో దానికి పిరికి పట్టీ అని పేరు పెట్టారు. పైడితల్లి అని అమ్మవారి పేరు పెట్టుకుని తలుపు దీపానికి భయపడుతుందేమిటని నా మీద కూడా ఓ జోకు పుట్టింది.

పట్టీ తయారుచేసిన ల్యాబు షీలానగర్ వెనక ఒక రేకుల షెడ్డు. నడిపేది డాక్టర్ హైమావతి. నిజాయితీపరురాలు, ఏదైనా ఒప్పుకోవలసి వస్తే ముందు కళ్ళజోడు తీసి తుడుస్తుంది. నేను వెళ్ళిన రోజు చాలాసేపు తుడిచింది. సోమవారం నుంచి పట్టీకి ఓర్పు పెంచుతున్నామని చెప్పింది. ఓర్పు అంటే, అంకె నలభై కిందికి పడేదాకా ఎర్రదీపం వెలగదు. కంపెనీ వాళ్ళు అలా కోరారట.

పట్టీ నిజమే చెబుతోందేమో అన్నాను. తన భయమూ అదేననీ, కానీ దేనికి భయపడుతోందో దాన్ని అడిగి తెలుసుకోలేమనీ అంది. తర్వాత తెర మీద నాన్న మూతల్ని వరసగా చూపించింది. తలుపు అంచు ఒక గీత, నాన్న చెయ్యి పడిన చోటల్లా దాని మీద ఎర్రటి మచ్చ. పైనుంచి కిందికి చెయ్యి రాసుకుంటూ వచ్చిన తీరు చూస్తే, చిన్నప్పుడు నా జ్వరం చూసిన తీరు గుర్తొచ్చింది. అన్నిటికన్నా చివర, తోక వైపు కింది మూలలో, ఒక పెద్ద మచ్చ. కొబ్బరికాయంత ఉంది. వేళ్ళ గుర్తులు లేవు.

అదేమిటని అడిగాను. రోడ్డు మీద లారీలు పోతే షెడ్డు నేల అదురుతుంది, ఆ అదురు అనుకున్నామంది హైమావతి. నాలుగు వేల మూతల్లోనూ సరిగ్గా అక్కడే లారీ పోయిందా అన్నాను. ఆమె మళ్ళీ కళ్ళజోడు తీసింది. వీడియోలో చూద్దామంటే కెమెరాలు రెండూ చేతుల మీదే పెట్టారు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. పేరు తవిటయ్య. ముప్పై ఒక్క ఏళ్ళు విమానాల తలుపులు మూశాడు, అంతకన్నా పెద్ద ఉద్యోగం లేదు, గర్వం మాత్రం చిన్నది కాదు. ఆయనా ఇంకో పదకొండుమందీ ఒక గుంపు. పట్టీ వచ్చాక మూత సరిగా పడిందో లేదో అదే చెబుతుంది కదా, ఆరితేరిన చేతులు ఎందుకని పన్నెండుమందినీ ఇంటికి పంపి, కాంట్రాక్టు వాళ్ళని పెట్టుకున్నారు. పట్టీకి నేర్పినందుకు నాన్నకి మాత్రం శాలువా కప్పి, అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. మిగతా పదకొండుమంది ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేశారు. నాన్న వాళ్ళ గురించి మాట్లాడడు. వచ్చినవాళ్ళందరికీ ఆ పత్రం చూపించి, నా సెయ్యి నాలుగు ఇమానాల్లో ఎగురుతోంది అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో తను ఒక్కసారీ ఎగరలేదు.

శనివారం మధ్యాహ్నం ఇంటికెళ్ళి, సోమవారం నుంచి పట్టీ నోరు మూయిస్తారని చెప్పాను. అప్పటికే క్యాంటీన్ జోకు ఆయన దాకా వచ్చినట్టుంది. అన్నం కలిపినవాడు కలిపినట్టే కూర్చుండిపోయాడు.

"అయితే నా సెయ్యి అబద్దం సెప్తంది అంటారా?" అన్నాడు.

అదేం కాదని, తెర మీద చూసిన మచ్చ సంగతి చెప్పి, కింది మూలలో చేత్తో ఏం చేసేవాడివని అడిగాను.

"సేత్తో నానేటీ సెయ్యనేదు."

అని ఊరుకుంటే బాగుండేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎడం మోకాలి మీదికి లుంగీ లాక్కున్నాడు. నేను గమనించలేదు. అమ్మ గమనించింది.

మా అమ్మ అప్పలనరసమ్మ విమానం తలుపు ఎప్పుడూ ముట్టుకోలేదు. కానీ నాన్న మోకాలు ఆవిడ చేతుల్లోనే పదిహేనేళ్ళుగా అరుగుతోంది. డాక్టరు ఫోటో తీయించి, ఇదేమిటి, కుడి మోకాలు నలభై ఏళ్ళవాడిది, ఎడమది ఎనభై ఏళ్ళవాడిది, చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడావా అని అడిగాడు. ఆడానని చెప్పాడు నాన్న. ఆ ముక్క నేనూ నమ్మాను.

అమ్మ లేచి లోపలికెళ్ళి, మసిగుడ్డల మూట తెచ్చి నా ముందు విప్పింది. అన్నీ నాన్న నీలం డ్యూటీ ప్యాంట్లు. అరిగినవీ చిరిగినవీ పన్నెండో పదమూడో ఉన్నాయి. ప్రతి దానికీ ఎడం మోకాలి దగ్గర మాసిక, కొన్నిటికి మాసిక మీద మాసిక. కుడి మోకాలు ఒక్కదానికీ చెదరలేదు.

"ముప్పయ్యేళ్ళబట్టి కుడుతన్నాను పైడీ. ఎడం మోకాలే ఎందుకు సిరుగుతాదని అడిగినప్పుడల్లా, నీకెందుకే అంటాడు మీ నాన్న. ఇప్పుడు నువ్వడుగు."

నేను అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, గోడకున్న ప్రశంసాపత్రం వైపు వీపు పెట్టి కూర్చుని, తనే చెప్పాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలంలో, గుంపు పెద్ద మస్తాన్ గారు నేర్పారట. ఉబ్బిన చెక్క తలుపుని గొళ్ళెం పెట్టేముందు మోకాలితో ఎలా ఓ పోటు పొడుస్తామో, ఈ తలుపుకీ అంతేరా అన్నారట. తోక వైపు కింది మూలలో రబ్బరు ఒక్కోసారి లోపలికి మడత పడుతుంది. కొక్కేలు పడతాయి, దీపం పచ్చగానే ఉంటుంది, మడత మాత్రం అలాగే ఉండిపోతుంది. మోకాలితో ఒక్క పోటు పొడిస్తే అది సర్దుకుంటుంది. పన్నెండుమందీ అలాగే మూసేవారు. రూల్సు పుస్తకంలో ఆ మాట లేదు. ఒకసారి తనిఖీకొచ్చిన దొర ఒకడు గుంపులోని సన్యాసిరావు మోకాలెత్తడం చూసి, విమానాన్ని తంతున్నాడని రాసి నెలరోజులు సస్పెండు చేయించాడు. ఆనాటి నుంచి అందరూ పక్కవాళ్ళకి వీపు తిప్పి, దొంగతనంగా పొడవడం మొదలుపెట్టారు. ల్యాబులోనూ అంతే. కెమెరాలు చేతుల మీదున్నాయని చూసుకుని, ప్రతి మూతకీ చివర ఒంటిని అటు తిప్పి మోకాలు వేశాడు. ఉద్యోగంలో రోజూ చేసినట్టే, సాయంత్రం రిజిస్టరులో, రూల్సు ప్రకారం మూశానని సంతకం పెట్టాడు. అలా నాలుగు వేల నూట పన్నెండు మూతలకి.

పట్టీకి కళ్ళు లేవు కాబట్టి ఆయన దాచింది దానికి తెలియలేదు. వచ్చి తగిలిందల్లా గుర్తుపెట్టుకుంది. కాంట్రాక్టు వాళ్ళు వచ్చి, పాపం, రూల్సు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు మూశారు. నేల మీద వేడికి మడత మెత్తగా ఉండి పోలిక కుదిరింది. పైన చలికి అది బిగుసుకోగానే, ఇది ఆయన మూసిన తలుపు కాదని పట్టీ గోలపెట్టింది.

హైమావతికి చెప్పాలి అన్నాను. చెబితే ఏమవుతుందో నాన్నకి నాకన్నా బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళ సంతకాలూ దొంగ సంతకాలవుతాయి. ఆయనవే కాదు, ఇంటికెళ్ళిపోయిన పదకొండుమందివీ. మడత ఉన్నా కొక్కేలు మూడున్నాయి కదా, ఎక్కడికి పోతాయి అని గొణిగాడు. ఆ తర్వాత అడిగాడు.

"సోమవారం నువ్వు ఎగరాలేటి?"

లేదన్నాను. నిజంగానే లేదు, ఆ రోజు నాకు సెలవు. అవునని అబద్ధం చెబితే పనయిపోతుందని తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ ఇంట్లో ఆ పూటకి అప్పటికే చాలా అబద్ధం బయటపడింది.

నాన్న తల ఊపి వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. పదకొండుమందిలో ఎవరైనా వస్తారేమో అన్నట్టు చూశాడనిపించింది నాకు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"ఉన్నా నేకపోయినా ఒకటేనే. ఎవులో ఒకులు ఎక్కుతారు గదా. ఆ పేంట్లు ఓ సంచీలో ఎట్టు."

ఆదివారం పొద్దున ల్యాబులో ఆ ప్యాంట్లని బల్ల మీద పరిచినప్పుడు హైమావతి కళ్ళజోడు తీయడం కూడా మరిచిపోయింది. ల్యాబులో ఒక చలి గది ఉంది. అందులో ఒక గోడకి నిజం తలుపు బిగించి, పైన ఉండే చలినీ లోపలి ఒత్తిడినీ దాని మీద పెట్టి చూస్తారు. ముందు కాంట్రాక్టు పనావిడ నీలవేణి రూల్సు పుస్తకం ప్రకారం మూసింది. తొంభై ఆరు. చలి పెంచారు, ఒత్తిడి పెంచారు. తొంభై ఆరు కాస్తా డెబ్బై, అరవై ఒకటి. ఇంతవరకూ గాల్లో నేను చూసిందే. ఇలాంటి ప్రయాణాలు వరసగా పెట్టమంది హైమావతి. మూడో ప్రయాణానికి నలభై నాలుగు. ఆరో ప్రయాణంలో కింది మూల నుంచి ఈల వేసినట్టు గాలి చప్పుడొచ్చింది. మా కళ్ళముందే కింది కొక్కెం వేలెడు వెనక్కి జారింది. హైమావతి మీట లాగి ఆపేసింది. అప్పుడు కూడా పట్టీ చెబుతున్న అంకె నలభై రెండు. సోమవారం పెట్టబోయే ఓర్పుకి ఆ తలుపు ఇంకా మంచి తలుపే.

నేను దించిన ఆ రెండుసార్లూ తిరిగిరాకుండా ముందుకెళ్ళి ఉంటే అనుకున్నాను. ఇంకో మాట కూడా అనుకున్నాను, ఆ సాయంత్రం నా తర్వాత అదే విమానంలో వెళ్ళినవాళ్ళ గురించి.

తర్వాత నాన్న మూశాడు. రెండు మెట్ల స్టూలు ఎక్కడానికి నా భుజం పట్టుకున్నాడు. చేతులు ఎప్పటిలాగే పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చాయి. మూల దగ్గరికొచ్చేసరికి అలవాటుగా ఒళ్ళు అటు తిప్పబోయి, ఆగి, అందరికీ కనబడేలా నిలబడి, ఎడం మోకాలు ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. నొప్పికి పళ్ళు బిగించాడు గానీ చప్పుడు చెయ్యలేదు. తొంభై తొమ్మిది. పది ప్రయాణాలు పెట్టినా అంకె కదల్లేదు.

హైమావతి దగ్గరికొచ్చి, మేం మీ చేతులే చూశాం, మిమ్మల్ని ఏమీ అడగలేదు, తప్పు మాదే అంది. అప్పుడు తీసింది కళ్ళజోడు. కానీ కంపెనీకి నాన్న రాతపూర్వకంగా ఇవ్వాలి. నేను రాసిపెడతానన్నా వద్దన్నాడు. గంటసేపు కూర్చుని తన అక్షరాలతో తనే రాశాడు. సన్యాసిరావుని తప్ప గుంపులో ఎవరి పేరూ రాయలేదు, ఆ పేరు కూడా అతనికి జరిగింది అన్యాయమని చెప్పడానికే. చివరి వాక్యాలు నాకు కంఠతా వచ్చు. "పట్టీ అబద్దం చెప్పలేదు. నా చెయ్యి అబద్దం చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సంతకం పెట్టి అబద్దం చెప్పింది నేను."

ఓర్పు పెంచే మాట ఆ సాయంత్రమే రద్దయింది. నాలుగు విమానాలూ నాలుగు రోజులు నేల మీదే ఉన్నాయి. ఆ తర్వాత రూల్సు పుస్తకంలో కొత్త వాక్యం ఒకటి చేరింది. తోక వైపు కింది మూలను మోకాలితో గట్టిగా నొక్కవలెను, అంకె తొంభై తొమ్మిది రానిదే బయలుదేరరాదు. వాక్యం కింద ఎవరి పేరూ లేదు. నాన్నకి మాత్రం వేరే ఉత్తరం వచ్చింది. రూల్సుకి విరుద్ధంగా పనిచేసినట్టు ఒప్పుకున్నందున ప్రశంసాపత్రం తిరిగి ఇవ్వవలసిందని. నాకు ఒళ్ళు మండింది. చెప్పకపోతే సన్మానం, చెబితే శిక్ష. వెళ్ళి దులిపేస్తానని లేచాను. నాన్న వద్దని, తనే మేకు మీంచి దించి, తుడిచి, పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఆ తర్వాతి ఆదివారం మేకు బోసిగా ఉన్న గోడ కింద సన్యాసిరావూ ఇంకో నలుగురూ వచ్చి కూర్చుని టీ తాగారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, లోపల వంటింట్లోకి నవ్వులు వినబడ్డాయి.

అమ్మకి ఇవేవీ పట్టలేదు. ఆవిడకి ఒక్కటే ప్రశ్న. ఇకమీదట ఆ మోకాలి పోటు ఎవరు వేస్తారు అంది. కాంట్రాక్టు వాళ్ళు, నీలవేణి లాంటివాళ్ళు అన్నాను. రోజుకి ఎన్ని తలుపులు అంది. ముప్పై నలభై ఉంటాయన్నాను. మరి వాళ్ళ మోకాళ్ళ సంగతి పుస్తకంలో రాశారా అంది. రాయలేదు. నేనూ ఆలోచించలేదు, హైమావతీ ఆలోచించలేదు, ఆఖరికి నాన్నా ఆలోచించలేదు.

పది రోజుల తర్వాత పొద్దుటి హైదరాబాదు విమానం నాది. వాన వెలిసి రన్‌వే మెరుస్తోంది. సామాను ఎక్కించడం అయిందని కింద నుంచి చెప్పారు. తెర మీద అంకె తొంభై ఆరు దగ్గర ఆగింది. నేను కిటికీ అద్దంలోంచి మెడ వంచి చూశాను గానీ వెనక తలుపు అక్కణ్ణించి కనబడదు. స్టూలు మోసుకుని ముందు వైపు నుంచి వెనక్కి వెళ్ళిన నీలవేణి మాత్రం ఇందాక కనబడింది. ఎడం మోకాలికి బొంతలా దళసరిగా కుట్టిన గుడ్డ ఒకటి నాడాలతో కట్టుకుంది. నీలం గుడ్డ. దాని మీద మాసిక, మాసిక మీద మాసిక. కుట్టు ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

వెనక ఎక్కడో దబ్బుమని ఒక చప్పుడయింది. సీటులోంచి నా వెన్నుకి తెలిసింది.

తొంభై తొమ్మిది అన్నాడు ఇర్ఫాన్. విన్నాను, వెళ్దాం అన్నాను.